మట్టెల బిళ్ల

“వారం రోజులే అడుగుతున్న. వారం వచ్చి నా దగ్గర ఉండనీకి నీకేం అడ్డం?”

“అక్కను అడగాలె.”

“చచ్చిపోయినామెను అడుగుతవా?”

“మెల్లగ మాట్లాడు. వింటది.”

“విననీ. వినాల్ననే గట్టిగ అంటున్న. రేపు పొద్దున నా కన్ను కోస్తరు. ఇన్నేండ్ల సోపతిల నేను నిన్ను ఏమన్న అడిగిన్నా? ఒక్కటన్న?”

“అడగలే.”

“మరి?”

ఆమె మెడలున్న వెండి బిళ్లను రెండు వేళ్లతోటి పట్టుకొని, తలకాయ జర పక్కకు వంచి కూసున్నది. ఎవరో చెవుల చెప్తుంటె వింటున్నట్టు. జరసేపైనంక అన్నది: “వద్దంటున్నది.”

“తీసెయ్ దాన్ని.”

“తియ్య.”

“నేను కొత్తది చేయిస్త. కొత్త వెండి. నా పైసలతోటి.”

“నీ పైసలతోటా?” అంత కొట్లాటల గూడ నవ్వింది. “చీర చినిగితె బొంత కుడ్తవు, బొంత చినిగితె మసిగుడ్డ చేస్తవు. నువ్వు నాకు వెండి కొంటవా?”

“కొంట.”

“వద్దు. కొన్నా అక్క పోదు. అక్కకు నువ్వంటే కోపం. తన మట్టెలు కరిగియ్యమన్నది నువ్వేనట గద.”

నేను చెప్పులేసుకొని బయటవడ్డ.

ఇది తాండూరుల, వాళ్ల ఇంట్లె, పొద్దు గుంకే యాళ్ల జరిగిన మాట. నేను వికారాబాదు నుంచి రైలెక్కి పోయింది ఆమెను తోలుకరానీకి. ఒట్టి చేతులతోటి, ఒట్టి కడుపుతోటి తిరిగొచ్చిన. బండిల కిటికీ పక్కన కూసున్న గాని ధారూరు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో చూడలే. మట్టెల సంగతి లోకంల ముగ్గురికే ఎరుక. నాకు, ఆమె మొగనికి, వెండి పని చేసిన ఔసలాయనకు. ఔసలాయన అప్పటికే కాలం చేసిండు. మొగడేమో నేను చెప్పలేదమ్మా అని దీపం మీద చెయ్యి పెట్టి ఒట్టేసిండు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. అసలు మాట్లాడే మనిషే కాదు.

ఇప్పుడు ఆమె గూడ లేదు. మొన్న ఎండకాలం పోయింది. పదో దినం నాడు విస్తర్ల ముందు కూసొని అందరు ఒకటే మాట, “పాపం, ఆఖరికి తలకాయ ఖరాబైంది, ఒక్కతే మాట్లాడుకుంటుండె” అని. నేను తినకుంట లేచిన. నా విస్తరిల వడ్డించిన అన్నం ఇడిచిపెట్టి లేసుడు నా జన్మల అదొక్కసారే. ఆమె తలకాయ ఖరాబు కాలే. ఆమె ఒక్కతే మాట్లాడుకోలే. అది చెప్పనీకే ఇది రాస్తున్న. పేరు మాత్రం రాయ. పేరు రాస్తె ఆమె అన్న కొడుకులకు నామోషి అంటరు.

మాకు సోపతి కలిసింది తాండూరు పప్పు మిల్లుల. ఇద్దరం వికారాబాదు నుంచి పొద్దుగాల బండికి పోతుంటిమి. పని కందిపప్పుల రాళ్లు, నల్లగింజలు ఏరుడు. నేను ఏరుడంటే ఏరుడే, తలకాయ ఎత్తకపోదును. ఆమె చేతులు పప్పు మీద, కండ్లు మనుషుల మీద. పని లేని రోజు గూడ ఆమె బొటనవేలు చూపుడువేలు మీద కదులుతనే ఉండేది. రైలుల కూసున్నా, పెండ్లిల కూసున్నా, లేని పప్పుల లేని రాళ్లు ఏరుతుండేది. “ఆపవే, చూసెటోళ్లకు భయమైతది” అంటుంటి. “నా చెయ్యి ఏదో దేవులాడుతున్నది అక్కా, దొరికితె ఆగుతది” అనేది. అప్పట్ల నన్ను అక్కా అనేది.

మిల్లుల ఎవరొచ్చినా ఆమె అడిగేది ఒక్కటే. “తిన్నవా?” బస్తాలు మోసేటోన్ని అడిగేది, లారీ డ్రైవరును అడిగేది, సేటు కారు దిగుతుంటె సేటును గూడ అడిగింది. సేటు బిత్తరపోయి “తిన్న” అన్నడు. ఆమెను మాత్రం ఎవరూ అడగకపోతుండె. అన్నగారింట్ల ఆఖరికి తినేది ఆమెనే. అన్న పిల్లలను ఎత్తుకొని పెంచింది, వాళ్ల పెండ్లిళ్లకు పిండివంటలు చేసింది. ఈ మధ్యల ఆమె పెండ్లి సంగతి ఎవరికీ యాదికి రాలే. నేను గూడ అడగలే, తిన్నవా అని. తిన్నదో లేదో మొఖం చూస్తే తెలుస్తది గద, నోరెందుకు నొప్పి చేసుకునుడు అనుకునేదాన్ని. నా తీరే అంత.

యాభై దాటినంక ఒకరోజు సద్ది మూటలు ఇప్పుకొని తింటుంటె అన్నది, “అక్కా, నేను పెండ్లి చేసుకుంట.”

నాకు పొలమారింది. “ఎవరినే?”

“ఎవరో తెల్వదు. ఎదకాలె.”

“నవ్వుతరు.”

“నవ్వనీ. నవ్వెటోళ్లు నాకు జరమొస్తె వచ్చి కూసుంటరా? నాకు భూమి వద్దు, బంగారం వద్దు. నేను పోంగనే తిన్నవా అని అడగాలె. గంతే.”

“గా మాట కోసం పెండ్లెందుకు? నేను అడుగుతగని.”

“నువ్వా?” అని నన్ను చూసింది. నవ్వలే. “నువ్వు అడగవు అక్కా.”

అదీ నిజమే.

అట్ల ఎదుకుడు మొదలైంది. ఎవరన్న సంబంధం చెప్తె నన్ను వెంట తోలుకపోయేది. సద్ది డబ్బా సంకల పెట్టుకొని నడిచేది. మన సద్ది మనమే తిని తిరిగొచ్చినమంటె ఆ సంబంధం కాదు, అది ఆమె లెక్క. 

ముందుగాల నవాబుపేట దిక్కు ఒకాయన. గొర్లు కాస్తడు. పెండ్లాం పోయి మూడేండ్లు. మంచోడే, కాని మాట్లాడినంతసేపు మా ఎనక ఉన్న గొర్లనే చూసిండు. “పొద్దుగాల ఎన్ని గంటలకు లేస్తవు?” అని అడిగిండు. “నువ్వు లేపినప్పుడు” అన్నది. ఆయనకు అర్థం కాలే. వాగు ఒడ్డున కూసొని మా సద్ది మేమే తిన్నం.

తర్వాత కోట్‌పల్లిల ఒకాయన. చెరువు కింద పొలం, పక్కా ఇల్లు. ఆయన నోరు తెరవలే, ఇద్దరు కోడండ్లు అడిగిండ్రు. “షుగరున్నదా? మోకాళ్లు మంచిగున్నయా?” బర్రెను బేరం చేసినట్టు. ఆమె చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టి, వాళ్ల ముందర కింద కూసున్నది, లేచింది, మళ్ల కూసున్నది, మళ్ల లేచింది. “చూసిండ్రా? ఇంక నడుస్త గూడ చూడుండ్రి” అని సీదా వాకిట్లకెల్లి బయటకు నడిచింది. నేను ఎనకంగ. బస్సు దొరికేదాక నవ్వుకున్నం. బస్సుల కూసున్నంక ఆమె కండ్లు తుడుచుకున్నది. నేను చూడనట్టే ఉన్న.

మూడోది తాండూరు. బండలు కోసి నున్నగ చేసే మిషన్ల దగ్గర పని చేస్తడు. ఆ గల్లి మొత్తం తెల్లటి నీళ్లు పారుతుంటయి. ఇండ్లు, చెట్లు, కుక్కలు అన్నీ పిండి చల్లినట్టు ఉంటయి. ఆయన కనుబొమ్మలు గూడ తెల్లగనే ఉండె, అది వయసో బండపొడో నాకు తెల్వలే. ఇంట్లె కింద పరిచినవి అన్నీ పనికి రాకుంట పోయిన బండముక్కలు. ఒకటి నీలం, ఒకటి పసుపు, ఒక్కటీ ఇంకోదానికి అతకది. కాని శుభ్రంగ ఉండె. పిల్లల్లేరు. పెండ్లాం పోయి ఏడాదిన్నర. కర్ణాటక దిక్కు ఆమె.

ఆయన మమ్ములను కూసోవెట్టి తను గోడకానుకొని నిలవడ్డడు. ఎంతసేపటికీ మాట లేదు. నేను లేద్దామని చూస్తున్న. అప్పుడన్నడు, నేల దిక్కు చూసుకుంట: “మా ఆమె ఉంటె ఈపాటికి మీకు ఇంత అన్నం పెట్టేది. అడగకుంటనే పెట్టేది. నాకు అది రాదు.”

ఆమె సంకల డబ్బా తీసి కింద పెట్టింది. బొటనవేలు కదులుడు ఆగింది. నేను నా కండ్లతోటి చూసిన.

స్టేషన్‌కు నడుస్తుంటె అన్నది, “ఇది ఖాయం అక్కా.”

“నోట్లె నాలిక లేని మనిషి. ఏం నచ్చిందే?”

“ఆమె.”

మజాక్ చేస్తున్నదనుకున్న. నవ్విన గూడ.

మా దిక్కు ఒక పద్ధతున్నది. పెండ్లాం చచ్చినోన్ని చేసుకునే ఆడామెకు పుస్తె పక్కన ఒక చిన్న వెండి బిళ్ల వేస్తరు, చచ్చినామె పేరు మీద. దాని మీద ఆడమనిషి బొమ్మ ఉంటది. సవతి బిళ్ల అంటరు. కొత్త చీర కట్టేముందు దానికి చూపెట్టాలె, పసుపు కుంకుమ ముందుగాల దానికి పెట్టాలె. పోయినామె మనసు చిన్నబుచ్చుకోకుంట చూసుకునుడన్నట్టు. ఈ కాలంల చానమంది వేసుకుంటలేరు. ఆమె మాత్రం వేసుకుంటనన్నది.

బిళ్ల చేయించనీకి ఆ తాండూరాయనతోటి నేనే ఔసలాయన దగ్గరికి పోయిన. కొత్త వెండికి ఎంతైతదో అడిగి, నా కొంగు ముడి ఇంకింత బిగించిన. తాండూరాయన జేబులకెల్లి తంబాకు డబ్బా తీసిండు. అండ్ల రెండు మట్టెలున్నయి. పెండ్లాంను మన్నుల పెట్టే ముందు కాలివేళ్లకు తీసినయి. ఆయన వాటిని అమ్మనీకి తేలే. ఎప్పటికీ జేబుల పెట్టుకొని తిరుగుతడట.

నేనన్న, “ఇవి ఉండంగ కొత్త వెండెందుకు? కరిగించి చేయుండ్రి.”

ఔసలాయన నా దిక్కు చూసిండు. “ఒంటి మీదియి కరిగియ్యరమ్మా. బిళ్ల అంటె గుర్తు. గుర్తు గుర్తుగనే ఉండాలె. ఇట్ల చేస్తె మనిషినే తెచ్చి మెడకు కట్టినట్టు.”

“వెండి వెండే. డబ్బాల పడి ఉండేదానికి అక్కరకొస్తది.”

తాండూరాయన డబ్బా బోర్లించిండు. ఒక మట్టె జల్దినే కరిగింది. రెండోది ఎంత ఊదినా ఎర్రగై అట్లనే ఉన్నది. “రాగి ఎక్కువ కలిసిందేమో” అన్నడు ఔసలాయన, మొఖం తుడుచుకుంట. ఆఖరికి అది గూడ కరిగింది. నాలుగు పైసలు మిగిల్చిన అని సంబురపడుకుంట ఇంటికి వచ్చిన. ఆమెకు చెప్పలే. ఆయననూ చెప్పొద్దన్న. చెప్తె భయపడ్తదని.

పెండ్లి అనంతగిరి గుట్ట మీద అయింది. పది మంది గూడ లేం. ఆమె చెయ్యెత్తి ఎవరికో జరగమన్నట్టు సైగ చేసి, పక్కన జాగ ఇచ్చి కూసున్నది. కొత్త కదా, గాబరా పడుతున్నదనుకున్న.

నెల తర్వాత మొదటిసారి వాళ్లింటికి పోయిన. తలుపు దగ్గరికేసి ఉన్నది. లోపల ఆమె మాట్లాడుతున్నది. కొట్టబోయి ఆగిన, ఇంట్లె ఎవరున్నరో అని.

“పప్పుల చింతపండు ఎక్కువైందా?” అన్నది ఆమె. జరసేపు ఏం లేదు. “సరే, రేపు తక్కువేస్త.” మళ్ల ఏం లేదు. ఈసారి ఎక్కువసేపు. తర్వాత ఆమె పకపక నవ్వింది. “గట్లన్నడా? నీతోటి గూడనా?”

ఒక్కతే మాట్లాడుకునేటోళ్లను నేను చూసిన. వాళ్లు ఆగకుంట మాట్లాడుతరు. లేకుంటె ఒక మాట అని ఊకుంటరు. ఆమె ఆగిన తీరు అట్ల లేదు. జవాబు చిన్నదైతె చిన్నగ ఆగింది, పెద్దదైతె పెద్దగ ఆగింది. నేను ఆ గడప బయట నిలవడి, వినరాని మాట అయిపోయేదాక నేను గూడ ఆగిన. అప్పుడు తలుపు కొట్టిన.

ఇంట్లె ఆమె తప్ప ఎవ్వలు లేరు.

“రా రా, వికారాబాదక్కా” అన్నది.

వికారాబాదక్క. అన్నేండ్లు ఒట్టి అక్కను. అక్క అనే పిలుపు ఇంకొకరికి పోయింది, నాకు ఊరి పేరు తగిలింది. లగేజీ మీద రాసినట్టు.

ఒకసారి నేను చీర పెట్టిన. నేను చీర పెట్టుడంటె మామూలు సంగతి కాదు, మా కోడలిని అడుగుండ్రి. ఆమె మడత ఇప్పి, బిళ్లను చీర మీద ఆనించి, కండ్లు మూసుకున్నది. “అక్కకు నచ్చింది. అంచు ఇంక జర పెద్దగుంటె బాగుండేదట.” నాకు మండింది. ఆ అంచు పెద్దగున్న చీర పక్కనే ఉండె దుకాణంల. ధర ఎక్కువని అది పెట్టేసి ఇది తెచ్చిన.

జొన్నరొట్టె ఎడమచేత్తోటి కొట్టుడు మొదలువెట్టింది. మిల్లుల అన్నేండ్లు కుడిచేత్తోటి చాట పట్టిన మనిషి. “రెక్క గుంజుతున్నది, అందుకే” అన్నది. అదీ అయి ఉండొచ్చు, నాకూ గుంజుతది. మధ్యమధ్యల కన్నడం మాటలు పడుతుండె. ఒకరోజు నేను చెప్పులు ఇప్పుతుంటె ఆమె వంటింట్లకెల్లి “ఊట ఆయ్తా?” అన్నది. నన్ననుకొని “ఏందే?” అన్న. “నిన్ను కాదు. తిన్నవా అని ఆమె నన్ను అడిగింది, నేను ఆమెను తిరిగి అడిగిన” అన్నది. తాండూరు బజార్ల సగం కన్నడమే, ఎక్కడనో చెవుల పడి ఉంటదని నాకు నేనే చెప్పుకున్న. ఆమె మొగన్ని పక్కకు పిలిచి అడిగిన, పోయినామెది ఏ చెయ్యి అని.

“ఎడమ” అన్నడు.

“నీకు భయం కాదా అయ్యా?”

ఆయన కనుబొమ్మల పొడి దులుపుకున్నడు. “భయమెందుకమ్మా, ఇద్దరు మంచిగనే ఉంటరు. ఒకటే బాధ. అది బతికున్నప్పుడు గింత మాట్లాడకపోతుండె.” మళ్ల నేల దిక్కు చూసి, “నాతోటి” అన్నడు.

రైలు సంగతి ఒకటి చెప్పాలె. అన్న మనవని తొట్టెల ఫంక్షన్‌కు ఆమె వికారాబాదు వస్తున్నది, నేను తాండూరులనే కలిసి ఎక్కిన. అంగడి రోజు. బండిల కాలు పెట్టే సందు లేదు. ఆమె కిటికీ పక్కన కూసున్నది, నన్ను ఈ చివర కూసోమన్నది. నడుమ ఒక మనిషి పట్టే జాగ. మంది ఎక్కుతున్నరు, నిలవడుతున్నరు, ఎవ్వలు కూసుంటలేరు. కూరగాయల గంప పట్టుకొని ఒక లావుపాటామె వచ్చింది. చెమటలు కారుతున్నయి. వంగి కూసోబోయి, ఆ జాగ దిక్కు చూసి ఆగింది.

“ఎవరన్న ఉన్నరా?”

“ఉన్నరు” అన్నది మా ఆమె.

ఉత్త జాగ అది. ఆ గంపామె తగువు పెట్టుకోవాలె, ఎవరున్నరే అని కసరాలె. నేనైతె కూసొనే అడుగుదును. ఆమె గంప తలుపు దగ్గర పెట్టి, ధారూరు దాక నిలవడే పోయింది, దిగేటప్పుడు మా దిక్కు చూడకుంట దిగింది. నేను చూస్తె, నా కొంగు నా ఒళ్లెకు మడిచి పెట్టుకొని ఉన్న. ఎప్పుడు మడిచిననో నాకే తెల్వది. నడుమ జాగ మీద పడకుంట.

ఆ రోజు నుంచి నాకు భయం కంటె కడుపుమంట ఎక్కువైంది. తనకు అక్క దొరికిందని ఆమె నిమ్మళంగ ఉన్నది. వేళ్లు కదుల్తలేవు. మొఖం నిండుగైంది. ఎదికింది దొరికినోళ్ల తీరు అదేనేమో. మరి ఇన్నేండ్లు వాగు ఒడ్డున, బస్సు స్టాండ్లల్ల పక్కన కూసున్న నేనేంది? మట్టెలు కరిగియ్యమని నా చేతులారా ఆ చచ్చినామెను తెచ్చి దీని మెడకు కట్టింది నేనే. ఇప్పుడు దీన్ని అడగాల్నంటె ఆమెను అడగాలె.

అదుగో, అప్పుడే నా కన్ను సంగతి పడ్డది. ఎడమ కన్నుకు మోతిబిందు, తెల్లపొర ముదిరింది. కోసి కట్టు కడుతమన్నరు. కుడిది ముందే మసక, పొగ మంచుల చూసినట్టే. అంటె కట్టు ఉన్నన్ని దినాలు నాకు లోకం కనవడది. కొడుకు, కోడలు చూసుకోరని కాదు. కోడలు సెలవు పెడ్తనన్నది, నేనే జీతం కోస్తరని వద్దన్న. ఇంకో మాట గూడ ఉన్నది. చీకటంటె నాకు చిన్నప్పటి నుంచి భయం. ఈ మాట నేను మా ఇంటాయనకు గూడ చెప్పలే, ఆయన బతికున్నన్ని దినాలు. ఎందుకో ఆమెకు చెప్పొచ్చనిపించింది. చెప్పుదామనే తాండూరు పోయిన. చెప్పకుంట, అడ్డమేందని గద్దించిన. తర్వాత ఏమైందో ముందే రాసిన.

ఆ కొట్లాటైనంక ఆమె ఏడాదిన్నర బతికింది. గుండె ఆగింది, రొట్టెలు చేసుకుంట చేసుకుంట. ఆమెకు స్నానం చేయించినంక ఆడోళ్లు ఒంటి మీదియి ఒక్కొక్కటి తీస్తున్నరు. బిళ్ల మీద ఎవరో చెయ్యేసిండ్రు. “దాన్ని ముట్టుకోకుండ్రి” అన్న నేను. “వెండి గదనే, మన్నుల కలుపుతవా?” అన్నరు. నా సంగతి అందరికీ ఎరుక గద, ఆశ్చర్యపోయిండ్రు. “కలవనీ. ఇద్దరిని ఇడదియ్యకుండ్రి” అన్న. తాండూరాయన గోడకానుకొని నిలవడి తలకాయ ఊపిండు. అట్లనే పెట్టినం.

కాని నేను చెప్పాల్నని కూసున్నది ఆ కొట్లాట తెల్లారి సంగతి. 

పొద్దున ఏడు గంటలకు నా కొడుకు బండి మీద నన్ను కండ్ల దవాఖాన దగ్గర దింపిండు. వాకిట్ల ఎవరో కూసున్నరు. దగ్గరికి పోతె ఆమె. మొదటి రైలుబండికి వచ్చిందట. జుట్టు గూడ సరిగ దువ్వుకోలే.

“వద్దన్నదంటివి గద?” అన్న.

“వద్దనే అన్నది.”

“మరి?”

“నేనే వచ్చిన. ఆమె మాట కాదనుడు ఇదే మొదలు.” ఆమె గొంతు బొంగురు పోయి ఉన్నది. “నిన్న రాత్రి నేను పోతనన్నప్పటి నుంచి పలుకుతలేదు వికారాబాదక్కా. ఎంత పిలిచినా ఉలుకు లేదు, పలుకు లేదు. ఇల్లంత బండలైపోయింది.”

ఇంతకు ముందు అయితె, పీడ పోయింది అందును. ఆమె మొఖం చూసిన. అన్నగారింట్ల ఆఖరికి తినే రోజుల మొఖం అది. వేళ్లు చూసిన. కదులుతున్నయి.

నా కొడుకు చీటీ రాయించుకరానీకి లోపలికి పోయిండు. నేను బెంచీ మీద ఆమె ముందుకు జరిగి, ఆమె మెడల బిళ్లను నా చేతులకు తీసుకున్న. వేసుకున్న మనిషి వెచ్చగ ఉన్నది, బిళ్ల సల్లగున్నది. మనుషులు చూస్తున్నరు. చూడనీ అనుకున్న.

“అమ్మా, మట్టెలు కరిగియ్యమన్నది నేనే” అన్న. “వద్దని ఔసలాయన చెప్పినా వినలే. నాది పిసినారితనం. నీకు చేసిన తప్పుకు నన్ను తిట్టు. దీనితోటి మాత్రం పలుకు. దీనికి ఎవ్వలు లేరు. నేను గూడ ఏనాడూ దీన్ని మంచిగ ఒక మాట అడగలే. నువ్వే అడిగినవు.”

ఇంకొకటి గూడ చెప్పిన. చీకటి సంగతి. ఆమెకు చెప్పాల్ననుకున్నది బిళ్లకు చెప్పిన, ఆమె వింటుండంగ.

ఆమె ఏడ్చిందో, నవ్విందో నాకు తెల్వది. అంతల నర్సమ్మ వచ్చి కండ్లల్ల చుక్కల మందు వేసింది. ఉన్న మసక గూడ అలుక్కపోయింది. నా పేరు పిలిచిండ్రు, లోపలికి పోయిన.

కోసుడు అయిపోయింది. నొప్పి లేదు. ఎడమ కన్నుకు కట్టు కట్టి, జరసేపు పండవెట్టి, ఇంక పోవచ్చన్నరు. కొడుకు మందుల దుకాణంల వరుసల నిలవడ్డడని ఆమె చెప్పింది. “లే, మెల్లగ పోదాం” అన్నది. నా కుడి చెయ్యి ఆమె పట్టుకున్నది. ఆమె చెయ్యి నాకు ఎరుకే, పప్పు ఏరి ఏరి వేళ్ల కొసలు గరుకు. ఎడమ రెక్క ఇంకొకరు పట్టుకున్నరు. గట్టిగ, పడనియ్యకుంట. దవాఖానల పనిచేసే ఆయమ్మ కావచ్చు.

ఎవరని నేను అడగలే. మెట్లు దిగినం.